‘వన్స్ అపాన్ ఎ టైమ్’ మీద థియరీలు అల్లే తెలుగు మిత్రులకు బహిరంగ లేఖ

వీడియోలు చేసేవాళ్ళకి, పొడుగాటి పోస్టులు రాసేవాళ్ళకి, వాటి కింద తెల్లారేదాకా పోట్లాడుకునేవాళ్ళకి,

నమస్కారం. ఈ లేఖ నిండా స్పాయిలర్లే. ఏడు సీజన్లూ, 155 ఎపిసోడ్లూ చూడనివాళ్ళు ఇక్కడే ఆగండి. చూసేశాక తీరిగ్గా వచ్చి చదువుకోవచ్చు.

2011 అక్టోబరు 23న అమెరికాలో ఏబీసీ ఛానెల్లో మొదలై, 2018 మే 18న ముగిసిన సీరియల్ ఇది. దుష్టరాణి రెజీనా వేసిన శాపంతో స్నో వైట్ లాంటి కథల్లోని మనుషులంతా తామెవరో మరిచిపోయి అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని స్టోరీబ్రూక్ అనే ఊళ్ళో ఇరుక్కుపోతారు. స్నో కూతురు ఎమ్మా, ఆమె కొడుకు హెన్రీ వాళ్ళని విడిపించడంతో కథ మొదలవుతుంది. అయిపోయిన పెళ్ళికి బాజాలేమిటని బయటివాళ్ళు అడుగుతారు. అడగనివ్వండి. కొత్తగా చూసేవాళ్ళకి ఆగస్ట్ అనే కొత్త మనిషి ఎవరో, హెన్రీ తండ్రి ఎవరో ఇప్పటికీ చిక్కుముడే. రెండోసారి చూసేవాళ్ళకి రచయితలు వదిలేసిన కంతలు పూడ్చడం సరదా. ఊహించడం మీద మాకు పేచీ లేదు. ఊహని ‘లీక్’ అని అమ్మడం మీద, ‘ఎనిమిదో సీజన్ ఖరారు’ అని ఎర్ర బాణాలు పెట్టి థంబ్‌నెయిల్ వేయడం మీద, సీన్ కూడా గుర్తులేకుండా ‘అసలు రహస్యం ఇదే’ అని తేల్చేయడం మీద ఉంది.

ఈ సీరియల్ తన నియమాలని తనే పెట్టుకుంది. చాలావరకు వాటికి కట్టుబడింది కూడా. అప్పట్లో నిజమైన థియరీల్లో గట్టివన్నీ ఆ నియమాల లెక్కలోంచి పుట్టినవే. బోల్తా పడినవాటిలో ఎక్కువ భాగం పాత కథల పుస్తకాలనో, షూటింగ్ ఫోటోలనో, నటుల ట్వీట్లనో నమ్ముకున్నవి. ఇది ఎలాగో ఉదాహరణలతో చెప్పడానికే ఈ ఉత్తరం.

మొదటి సీజన్ 17వ ఎపిసోడ్ ‘హ్యాట్ ట్రిక్’ మళ్ళీ ఒకసారి పెట్టుకోండి. 2012 మార్చి 25న వచ్చింది. జెఫర్సన్ టోపీ గిర్రున తిరిగితే వేరే లోకాలకి దారి తెరుచుకుంటుంది. దానికి ఒకటే షరతు: ఎంతమంది వెళ్తే అంతమందే తిరిగి రావాలి. వండర్‌లాండ్‌కి వెళ్ళింది ఇద్దరు, రెజీనా, జెఫర్సన్. అక్కడి హార్ట్స్ రాణి దగ్గర రెజీనా ఒక చిన్న పెట్టె కొట్టుకొస్తుంది. అందులో గుప్పెడంత మనిషిగా కుదించి దాచిన తన తండ్రి ఉంటాడు. పుట్టగొడుగు ముక్క తినిపించి ఆయన్ని మామూలు మనిషిని చేస్తుంది. తండ్రీ కూతుళ్ళు ఇద్దరయ్యారు, టోపీ లెక్క సరిపోయింది, జెఫర్సన్ అక్కడే ఇరుక్కుపోయాడు. అందరూ ఆ అన్యాయం గురించే మాట్లాడుకున్నారు. కొందరు మాత్రం ఇంకో ప్రశ్న వేశారు: రెజీనా తండ్రిని పెట్టెలో పెట్టి దాచుకునేంత పట్టు హార్ట్స్ రాణికి ఎందుకు? ఆ రాణి ముఖం ఎందుకు కప్పి చూపించారు? కొత్త పాత్ర అయితే ముసుగుతో పనేముంది, ముఖం చూపించినా మనకి తెలియదు కదా.

సరిగ్గా వారానికి, ఏప్రిల్ 1న, ‘ద స్టేబుల్ బాయ్’ వచ్చింది. రెజీనా తల్లి కోరా, కూతురు ప్రేమించిన డేనియల్ గుండెని వొట్టి చేత్తో పెరికి నలిపేసింది. ముసుగు, మొగుడు, గుండె. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకున్నవాళ్ళు హార్ట్స్ రాణి అంటే కోరానే అన్నారు. డిసెంబరు 2న రెండో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్ దాన్ని ఖాయం చేసింది. ఎనిమిది నెలల ముందు చెప్పిన మాట నిలబడింది. అదృష్టం కలిసొచ్చి కాదు, ప్రతి మెట్టుకీ తెర మీద చూపించగల సీన్ ఉంది కాబట్టి. మంచి థియరీకి మేం పెట్టుకున్న కొలత ఇదే.

ఈ ఉదాహరణలోంచే ఈ రచయితల పెద్ద అలవాటు ఒకటి బయటపడుతుంది. ఒక మనిషికి ఒక కథతో సరిపెట్టరు. కోరా హార్ట్స్ రాణి, గడ్డిని బంగారంగా వడికిన మిల్లు యజమాని కూతురు కూడా. రంపెల్‌స్టిల్ట్‌స్కిన్ అయితే చెప్పక్కర్లేదు. ‘స్కిన్ డీప్’లో బెల్ కథలోని మృగం అతనే, ‘ద క్రొకడైల్’లో హుక్ చెయ్యి తిన్న మొసలీ అతనే, సిండ్రెల్లా కథలో దేవకన్యని చంపి ఆ స్థానంలో బేరానికి కూర్చున్నదీ అతనే. ‘రెడ్ హ్యాండెడ్’లో ఎర్ర టోపీ పిల్లే తోడేలు. అందుకని కొత్త కథ ఏదైనా సీరియల్లోకి వస్తోందనగానే ‘ఈ పాత్రకి ఎవరిని తీసుకుంటారు’ అనే కంటే ‘ఇప్పటికే ఉన్నవాళ్ళలో ఇది ఎవరికి అతుకుతుంది’ అని అడగడం తెలివి. పీటర్ పాన్ వస్తున్నాడన్నప్పుడు ఈ ప్రశ్న వేసినవాళ్ళు చాలా కొద్దిమంది. చివరికి అతను రంపెల్‌స్టిల్ట్‌స్కిన్‌ని కన్నతండ్రి అని తేలింది.

ఇక ఆగస్ట్ సంగతి. 2012 జనవరి 15 నాటి ‘ట్రూ నార్త్’ చివర మోటార్ సైకిల్ మీద ఒక కొత్త మనిషి ఊళ్ళోకి వస్తాడు. అంతకుముందే హెన్రీ చెప్పి ఉన్నాడు, స్టోరీబ్రూక్‌కి బయటివాళ్ళు రారని. ఎమ్మా రాగలిగింది రక్షకురాలు కాబట్టి. మరి ఇతను? జవాబు రెండు పేర్లకి మించి ఉండదు: శాపం పడకముందే ఆ లోకం దాటి వచ్చేసినవాడు ఎవడో వాడే. రంపెల్ కొడుకు బేల్‌ఫైర్ కావచ్చు, లేదా ఎమ్మాని పంపిన బీరువాలో ఇంకెవరైనా కూడా వచ్చి ఉండాలి. రచయితలకి ఈ లెక్క ప్రేక్షకులు వేస్తారని తెలుసు. అందుకే ‘ద రిటర్న్’లో ఆగస్ట్ చేత బేల్‌ఫైర్ వేషం వేయించి, స్టోరీబ్రూక్‌లో గోల్డ్ పేరుతో ఉన్న రంపెల్‌తో పాటు మనల్నీ కాసేపు తప్పుదోవ పట్టించారు. మరుసటి వారం, ఏప్రిల్ 29న, ‘ద స్ట్రేంజర్’లో పినోకియో అని తేల్చారు. ఆధారం మొదటి ఎపిసోడ్లోనే ఉంది. బీరువా ఒక్కరినే కాపాడుతుందని బ్లూ ఫెయిరీ చెబుతున్నప్పుడు, ఆ బీరువా చేయాల్సిన వడ్రంగి జెపెట్టో అక్కడే ఉన్నాడు. నిజానికి అందులో ఇద్దరికి చోటుంది. కొడుకు కోసం అతను అబద్ధం ఆడించాడు. ఆ గదిలో ఎవరెవరున్నారో చూసుకుని, ఎవరికి ఏం లాభమో రాసుకున్నవాళ్ళకి పినోకియో పేరు తట్టే వీలుంది.

‘ద స్ట్రేంజర్’లోనే థియరీలు చేసేవాళ్ళందరూ ముచ్చటపడే ఒక వివరం ఉంది, అది ఎక్కడిదాకా లాగొచ్చో చెప్పాలి. ఎమ్మా ఊళ్ళో ఉండిపోతానని నిశ్చయించుకోగానే 28 ఏళ్ళుగా 8:15 దగ్గర ఆగిపోయిన గడియారం ముల్లు కదులుతుంది. ఆ క్షణంలో తను ఫుకెట్‌లో ఉన్నానని, అక్కడ పొద్దున 8:15కి కాలు కర్రయిపోతున్న నొప్పితో లేచానని, స్టోరీబ్రూక్‌లో అది రాత్రి 8:15 అని ఆగస్ట్ ఎమ్మాకి చెబుతాడు. బాగుంది. కానీ లెక్క వేయండి. మెయిన్ రాష్ట్రంలో గడియారాలు గంట ముందుకి జరిపి ఉంచే నెలల్లో, అంటే మార్చి నుంచి నవంబరు మొదటి వారం దాకా, థాయ్‌లాండ్‌తో తేడా 11 గంటలు. సరిగ్గా 12 గంటలు వచ్చేది చలికాలంలోనే. సీరియల్ ప్రసారమైన అక్టోబరులోనే కథ మొదలైందని పట్టుకుంటే ఫుకెట్‌లో అప్పుడు టైము 7:15. ఇది పట్టుకుని ‘ఆగస్ట్ అబద్ధం ఆడుతున్నాడు, కాబట్టి అతను పినోకియో కాదు’ అనేదాకా పోవచ్చు. పోకండి. అది రచయితల గదిలో ఎవరూ క్యాలెండర్ చూడకపోవడం, అంతే. తెర వెనక జరిగిన పొరపాటుని తెర మీది పాత్ర చేసిన మోసంగా లెక్కగడితే ప్రతి థియరీ నిజమైపోతుంది.

ఆ 8:15 అంకెకి ఇంకో చరిత్ర ఉంది. సృష్టికర్తలు ఎడ్వర్డ్ కిట్సిస్, ఆడమ్ హోరోవిట్జ్ అంతకుముందు ‘లాస్ట్’ సీరియల్‌కి రాసినవాళ్ళు. అందులో కూలిపోయిన విమానం నంబరు 815. రెజీనా ఇంటి నంబరు 108. ఆ సీరియల్లోని ఆరు అంకెలు 4, 8, 15, 16, 23, 42 కూడితే వచ్చేది అదే. అపోలో చాక్లెట్ కూడా అక్కడిదే. ఇవి పాత స్నేహితులకి కన్నుగీటడం లాంటివి. వీటిని పట్టుకుని స్టోరీబ్రూక్ అంటే చచ్చిపోయినవాళ్ళు ఉండే చోటు అని తేల్చేయకండి. కన్నుగీటుకీ ఆధారానికీ తేడా పట్టడం కష్టమేం కాదు. ఆ వస్తువుని తీసేసి దానిచోట ఇంకోటి పెట్టండి. కథ మారకపోతే అది అలంకారం. ఇంటి నంబరు 52 అయినా రెజీనాకి ఒరిగేదీ పోయేదీ లేదు. గడియారం ఆగకపోతే మాత్రం కథే లేదు.

పేర్ల విషయంలోనూ ఈ జాగ్రత్త కావాలి. స్టోరీబ్రూక్‌లో అద్దం పాత్రకి సిడ్నీ గ్లాస్, సిండ్రెల్లాకి బూడిద గుర్తొచ్చేలా ఆష్లీ, కీచురాయికి ఆర్చీ హాపర్ అని పేర్లు పెట్టారు. దాంతో డాక్టర్ వేల్ పేరు చూసి, వేల్ అంటే తిమింగలం కాబట్టి, పినోకియోని మింగిన తిమింగలం అని చాలామంది పందేలు కాశారు. ఆయన డాక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్. 1931లో ఆ కథని సినిమాగా తీసిన దర్శకుడి పేరు జేమ్స్ వేల్. అంటే పేరులో సూచన ఉన్న మాట నిజమే, అది చూపించిన దిక్కే వేరు. పేరు ఒక్కటే ఆధారమైతే వీడియో చేయకండి. దాని పక్కన రెండోది దొరికేదాకా ఆగండి.

‘అసలు కథలో ఇలా లేదు’ అనే వాదనతో వచ్చేవాళ్ళకి మాదో ప్రశ్న: ఏ అసలు కథ? గ్రిమ్ సోదరుల 1812 ముద్రణలో స్నో వైట్‌ని చంపించాలని చూసింది కన్నతల్లే. 1819 ముద్రణకి వచ్చేసరికి ఆమె సవతి తల్లి అయింది. ఆ కథలో ముద్దు లేదు. శవపేటిక మోసేవాళ్ళు తూలితే గొంతులో ఇరుక్కున్న యాపిల్ ముక్క ఊడిపడి లేస్తుంది. కొలోడి రాసిన పినోకియోలో మాట్లాడే కీచురాయిని ఆ కర్ర పిల్లాడే సుత్తి విసిరి చంపేస్తాడు. సీరియల్ ఈ దారిన పోలేదు. ఏబీసీ 1996 నుంచీ డిస్నీ సొత్తు. మరుగుజ్జు గ్రంపీ పేరు, జిమినీ అనే కీచురాయి, మెలిఫిసెంట్, అన్నీ డిస్నీ సినిమాలవే. 2014 సెప్టెంబరులో నాలుగో సీజన్ ఎల్సాతో మొదలైనప్పుడైతే సందేహానికే తావు లేకపోయింది. ఏం జరగబోతుందో ఊహించాలంటే గ్రిమ్ పుస్తకం కంటే డిస్నీ సినిమా దగ్గరి చుట్టం. పాత పుస్తకాలు చదవండి, ఆనందానికి. సాక్ష్యంగా మాత్రం తేకండి.

ఇప్పుడు ఫ్లాష్‌బ్యాకుల వరస. చాలా వీడియోలు తప్పేది ఇక్కడే. ఎపిసోడ్లు వచ్చిన క్రమమే సంఘటనలు జరిగిన క్రమం అనుకుంటారు. ఒక నోట్‌బుక్‌లో ప్రతి ఫ్లాష్‌బ్యాక్‌కీ ఒక గీత గీయండి: ఎపిసోడ్ నంబరు, ఏ లోకం, ఎవరెవరు ఉన్నారు, ఒంటి మీద గుర్తులేమిటి. ఆ గుర్తులే కాలాన్ని చెబుతాయి. హుక్‌కి ఎడమ చెయ్యి ఉంటే అది రంపెల్ ఆ చెయ్యి నరకకముందు. కొక్కెం ఉంటే ఆ తర్వాత. రంపెల్ చర్మం మామూలుగా ఉంటే బాకు చేజిక్కించుకుని డార్క్ వన్ అనే మాంత్రికుడు కాకముందు. జెఫర్సన్ మెడ చుట్టూ కుట్ల మచ్చ ఉంటే వండర్‌లాండ్‌లో తల తెగాక. స్నో తండ్రి రాజు లియోపోల్డ్ బతికున్నాడా, స్నో ఇంకా పిల్లా, లేక అడవిలో దొంగగా తిరుగుతోందా, గొర్రెల కాపరి డేవిడ్ చచ్చిపోయిన కవల జేమ్స్ స్థానంలోకి వచ్చేశాడా, ఇవి చూసుకుంటే ఎనభై శాతం గందరగోళం పోతుంది. మిగిలిన ఇరవై నెవర్‌ల్యాండ్ పుణ్యం. అక్కడ వయసు పెరగదు. హుక్, బేల్‌ఫైర్ ఎన్నేళ్ళు గడిపారో లెక్క తేలదు, తేల్చాలని ప్రాణం తీసుకోకండి.

వయసుల గురించి ఇంకో మాట. శాపం కింద ఉన్నవాళ్ళకి 28 ఏళ్ళు గడవలేదు. అందుకే ఎమ్మా, ఆమె కన్నతల్లి ఒకే ఈడువాళ్ళలా ఉంటారు. హెన్రీ బయట పుట్టి గోల్డ్ చేతుల మీదుగా రెజీనాకి దత్తు వచ్చినవాడు కాబట్టి అతను పెరిగాడు. అరోరా, ములాన్, హుక్ కథల లోకమైన ఎన్‌చాంటెడ్ ఫారెస్ట్‌లోనే ఉండిపోయి కూడా ముసలివాళ్ళు కాకపోవడానికి కారణం కోరా. ఆ మూలని ఆమె తన మంత్రంతో శాపం తాకకుండా కాపాడింది, అక్కడా కాలం ఆగిపోయింది. ఈ మూడు ముక్కలూ తెలియకుండా ‘ఇది కథలో లోపం’ అని వీడియో పెడితే, లోపం వీడియోదే అవుతుంది.

శాపానికి వెల ఏమిటో గుర్తుంటే మూడో సీజన్లో ఒక పెద్ద చిక్కు ముందే విడిపోయేది. అందరూ ఒక ఏడాది జ్ఞాపకాలు పోగొట్టుకుని మళ్ళీ స్టోరీబ్రూక్‌లో తేలారు. శాపం వేసిందెవరు? మెజారిటీ ఓటు పశ్చిమ దిక్కు మంత్రగత్తె జెలీనాకే పడింది. కానీ డార్క్ కర్స్ అనే ఆ శాపం వేయాలంటే తను అందరికంటే ఎక్కువ ప్రేమించేవాళ్ళ గుండె నలపాలి. మొదటిసారి రెజీనా తన తండ్రిని అలాగే బలి ఇచ్చింది. జెలీనాకి అప్పటికి ప్రేమించడానికి ఒక్కరూ లేరు. రెజీనాకి ప్రాణం హెన్రీ, అతను న్యూయార్క్‌లో ఉన్నాడు. ఇద్దరినీ కొట్టేయండి. అక్కడ ప్రేమించేవాళ్ళు, పక్కనే ప్రేమించబడేవాళ్ళు ఉన్న జంట ఏది? 2014 ఏప్రిల్ 27న ‘ఎ క్యూరియస్ థింగ్’లో స్నో తన భర్త గుండెని నలిపింది. తర్వాత ఆమె గుండెనే రెజీనా రెండుగా చీల్చి ఇద్దరికీ పంచింది. ఇక జ్ఞాపకాలు పోవడం వేరే పని, అది జెలీనా కలిపిన మందు. ఒక ఫలితం వెనక ఇద్దరు ఉండొచ్చన్నది పట్టకపోవడం వల్లే అందరూ తడబడ్డారు. ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్నని ఎప్పుడూ ముక్కలు చేసి అడగండి.

ఈ గుండెల వ్యవహారం మన వాళ్ళకి కొత్త కాదు. చిలకలో ప్రాణం దాచుకున్న మాయల ఫకీరు కథ విని పెరిగినవాళ్ళకి, పెట్టెలో గుండె ఎవరి చేతిలో ఉంటే ఆ మనిషి వాళ్ళు ఆడించినట్టు ఆడతాడంటే ఇట్టే ఎక్కుతుంది. అందుకేనేమో వేటగాడు గ్రాహమ్ చావుని మన తెలుగు వాళ్ళు ఊహించినంత త్వరగా ఇంకెవరూ ఊహించి ఉండరని మా గొప్ప. రుజువు అడగొద్దు.

బంధుత్వాలు కూడా ఆధారమే, నవ్వకండి. ఇక్కడ అందరూ చివరికి హెన్రీకి చుట్టాలవుతారు. పీటర్ పాన్ ముత్తాత, రంపెల్ తాత, నీల్ అనే పేరుతో బతికిన బేల్‌ఫైర్ తండ్రి. స్నో అమ్మమ్మ. స్నోకి సవతి తల్లి రెజీనా కాబట్టి ఆవిడ హెన్రీకి పెంచిన తల్లీ అవుతుంది, వరసకి తాతమ్మా అవుతుంది. రెజీనా అక్క జెలీనా పెద్దమ్మ. నాయనమ్మ మిలాతో లేచిపోయిన హుక్, 2017లో ఎమ్మాని పెళ్ళాడి మారుతండ్రి అయ్యాడు. మన ఇళ్ళలో ఈ వరసలు కుదిరితే పెళ్ళి పందిట్లోనే పంచాయితీ. అయితే థియరీకి ఇది పనికొచ్చింది. 2012 సెప్టెంబరు 30న రెండో సీజన్ మొదలైనప్పుడు న్యూయార్క్‌లో ఎవరో పేరు లేని మనిషికి పావురం పోస్ట్‌కార్డ్ తెచ్చింది. అతనే హెన్రీ తండ్రి, అతనే బేల్‌ఫైర్ అని కొందరు వెంటనే అన్నారు. కారణం సూటిగా చెప్పారు: రంపెల్ వెతుకుతున్న కొడుకు, ఎమ్మా దాస్తున్న మగాడు, ఇద్దరూ తెర మీద లేరు, ఇద్దరికీ చోటు ఒక్కటే. ‘తల్లహాసీ’లో మొదటి సగం, 2013 ఫిబ్రవరి 17న ‘మన్‌హాటన్’లో రెండో సగం రుజువయ్యాయి.

ఇప్పుడు ఫోటోల సంగతి. స్టోరీబ్రూక్ వీధులు కెనడాలో వాంకూవర్ పక్కన రిచ్‌మండ్‌లోని స్టీవ్‌స్టన్ అనే నిజమైన ఊళ్ళో తీశారు. రోడ్డు మీద షూటింగ్ కాబట్టి అభిమానులు బారులు తీరి ఫోటోలు తీశారు, అవి గంటల్లో ప్రపంచమంతా తిరిగాయి. వాటితో అల్లిన థియరీలు ఎందుకు అన్నిసార్లు కుంటుపడ్డాయో తెలుసా? కోటలు, రాజసభలు, వండర్‌లాండ్ లాంటివి ఎక్కువగా స్టూడియో లోపల ఆకుపచ్చ తెర ముందు తీసి, తర్వాత కంప్యూటర్లో కట్టినవి. అంటే వీధిలో దొరికేది వర్తమానం సగమే, గతం సగం తలుపుల వెనకే ఉండిపోయింది. పైగా ఒకే రోజు వేర్వేరు ఎపిసోడ్ల ముక్కలు తీస్తారు. ముద్దు పెట్టుకుంటున్న ఫోటో దొరికిందంటే ముద్దు ఉందని మాత్రమే అర్థం. అది ఎవరి ఒంట్లో ఎవరున్నప్పుడో, ఏ జ్ఞాపకం పోయినప్పుడో ఫోటో చెప్పదు. అలాగే ‘మన థియరీ చూసి రచయితలు వచ్చే వారం కథ మార్చేశారు’ అనేవాళ్ళకి: తెర మీదికి వచ్చేసరికి ఎపిసోడ్ రాయడం, తీయడం అయిపోయి, గ్రాఫిక్స్ పని కూడా సాగి, వారాలు గడిచి ఉంటుంది. ఆదివారం రాత్రి పెట్టిన పోస్ట్ చూసి మరుసటి ఆదివారానికి మార్చడం ఏ మంత్రగత్తె తరమూ కాదు.

తెర బయటి కారణాలని కూడా లెక్కలోకి తీసుకోండి, లేకపోతే లేని రహస్యాలు కనిపిస్తాయి. జెఫర్సన్ ఒక దశ తర్వాత మాయమయ్యాడంటే ఆ నటుడు సెబాస్టియన్ స్టాన్‌కి వేరే సినిమాలు ఉండడం వల్ల. ఎర్ర టోపీ పిల్ల రూబీ తగ్గిపోయింది మెగన్ ఓరీ మరో సీరియల్‌కి వెళ్ళడం వల్ల. మూడో సీజన్లో స్నో గర్భం కథలోకి వచ్చింది జినిఫర్ గుడ్విన్ నిజంగా గర్భవతి కావడం వల్ల. ఆరో సీజన్ అయ్యాక ఎమ్మా, స్నో, చార్మింగ్ (అంటే స్నో భర్త డేవిడ్), బెల్, జెలీనా, చిన్న హెన్రీ పాత్రధారులు ఆరుగురూ రెగ్యులర్ తారాగణం నుంచి తప్పుకున్నారు. ఏడో సీజన్లో సియాటిల్‌లో అంత గొడవ జరుగుతుంటే ఎమ్మా ఎందుకు రాలేదన్న ప్రశ్నకి మంత్రాల్లో జవాబు వెతికితే దొరకదు, కాంట్రాక్టులో ఉంది. జెనిఫర్ మారిసన్ ఆ సీజన్ రెండో ఎపిసోడ్లో, ఆఖరి ఎపిసోడ్లో మాత్రం వచ్చి వెళ్ళింది.

స్వాన్ క్వీన్ (ఎమ్మా, రెజీనా), కెప్టెన్ స్వాన్ (ఎమ్మా, హుక్) జంటల అభిమానుల యుద్ధం గురించి ఎక్కువ చెప్పం. ఏ జంట మీకు నచ్చితే ఆ జంట నచ్చనివ్వండి. కోరికని ‘నా కోరిక’ అని రాయండి, థియరీ అని రాయకండి. నటీనటుల పేజీల్లోకి వెళ్ళి తిట్టేవాళ్ళు మాత్రం మా లెక్కలో అభిమానులు కారు.

ఇక మా విన్నపం. వీడియో మొదటి పదిహేను సెకన్లలో రెండు ముక్కలు చెప్పండి: ఏ ఎపిసోడ్ వరకు చూసినవాళ్ళకి ఇది, చెప్పబోయేది ఊహా లేక తెర మీద తేలిపోయినదా. థంబ్‌నెయిల్‌లో మలుపు పెట్టకండి. మొదటి సీజన్ చూస్తున్న పిల్లకి పక్కన సజెషన్లో ‘పీటర్ పాన్ ఎవరి తండ్రో తెలుసా’ అని కనిపిస్తే ఆమె మూడు సీజన్ల సరదా పోయినట్టే. ఎపిసోడ్ నంబరు, నిమిషం చెప్పండి. నిమిషాలు యాడ్స్ లేని ప్రింట్‌వి చెప్పండి, లేకపోతే ఎవరికీ కుదరవు. మీ థియరీ ఏది జరిగితే తప్పవుతుందో కూడా ఒక వాక్యం చెప్పండి. తప్పు కావడానికి దారే లేని థియరీ జాతకం లాంటిది, చెప్పినవాడికి ఎప్పుడూ నష్టం లేదు. ఎనిమిదో సీజన్ అనే మాట వాడకండి. ఆఖరి ఎపిసోడ్లో లోకాలన్నీ ఒక చోట కలిపి రెజీనాకి కిరీటం పెట్టి ముగించారు. దాని తర్వాత వస్తోందంటున్న ట్రైలర్లు పాత ముక్కలు అతికించినవి.

చేయడానికి పని లేదనుకోకండి, కావలసినంత ఉంది. మెలిఫిసెంట్ కూతురు లిలీ తండ్రి ఎవరన్నది ఏళ్ళ తరబడి సాగదీసి చివరి సీజన్లో జోరో అని ఒక్క మాటలో తేల్చేశారు. ఆ డ్రాగన్ కుటుంబ కథ మిగతాది ఎవరైనా అల్లొచ్చు. వండర్‌లాండ్ మీద వచ్చిన 13 ఎపిసోడ్ల అనుబంధ సీరియల్లో సుఖంగా స్థిరపడిన విల్ స్కార్లెట్, నాలుగో సీజన్లో స్టోరీబ్రూక్‌లో ఒంటరిగా ఎందుకు తాగి తిరుగుతున్నాడు? అతని ప్రియురాలు అనస్తాసియా ఏమైంది? దీనికి తెర మీద జవాబు లేదు.

అన్నిటికంటే పెద్ద కేసు బ్లూ ఫెయిరీది. బీరువా గురించి అబద్ధం చెప్పింది ఆవిడ. తండ్రీ కొడుకులు విడిపోవడానికి కారణమైన మాయ గింజ బేల్‌ఫైర్‌కి ఇచ్చింది ఆవిడ. ‘డ్రీమీ’లో గ్రంపీని అతను ప్రేమించిన నోవాకి దూరం చేసింది, టింకర్‌బెల్ రెక్కలు ఊడబీకింది, ఆరో సీజన్లో రంపెల్ తల్లి ఫియోనాని చీకటి లోకానికి వెలివేసింది. ప్రతిసారీ ఆవిడ దగ్గర ఒక ధర్మబద్ధమైన కారణం ఉంది, ప్రతిసారీ ఎవరో ఒకరి కాపురమో కొంపో కూలింది. ఆవిడ చెడ్డదని ఒక వాదన రాయండి, కాదని ఇంకొకరు రాయండి. రెండూ చదువుతాం. ఎపిసోడ్ నంబర్లు లేనివి మాత్రం తిప్పి పంపుతాం.

ఇట్లు,
మొదటి సీజన్ నుంచి చూస్తూ, మీతో పోట్లాడుతూ వస్తున్న కొందరు పాత వన్సర్లు, అంటే ఈ సీరియల్ అభిమానులు